బావగారి మిషను మొరాయించింది, కామందు గడువు పెట్టాడు: ఏం చెయ్యాలి?

కోనసీమ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఆయన పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ వంటలు చేస్తారు. గాడిపొయ్యి తవ్వి కట్టెల మంట మీద వండుతారని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ ఊరి కామందు తోటలో రెండు మామిడి చెట్లు, కొన్ని కొబ్బరి చెట్లు, చేను గట్టు మీదున్న పెద్ద చింతచెట్టు కూలిపోయాయి. “కట్టెలు నువ్వు పట్టుకుపో, డబ్బులేం వద్దు. దాళ్వాకి దమ్ము చేసేలోగా చేను ఖాళీ అయితే చాలు” అన్నారట కామందు. మాఘమాసం ముహూర్తాలకి ఒప్పుకున్న పెళ్ళిళ్ళు చేతిలో ఉన్నాయి. కట్టెల ఖర్చు మిగులుతుందని ఆయన సంబరపడ్డారు.

పక్క మండలంలో ఉండే వాళ్ళ బావగారికి చెట్లు కోసే పనే జీవనాధారం. కొత్త మిషను కొనుక్కున్నాక మూలన పెట్టిన పాత చైన్ సా ఇచ్చి, అందులో పోయడానికి కొంచెం పెట్రోలు కూడా కలిపిచ్చారు. మొదటిరోజు మామిడి కొమ్మలు బాగానే తెగాయి. తర్వాత వానలు పట్టుకుని మిషను పశువుల పాకలో ఉండిపోయింది. మళ్ళీ పని మొదలుపెట్టే రోజున తమ్ముడు ఇంట్లో సీసాలో ఉన్న పెట్రోలు పోశాడు. అంతే, ఆ తర్వాత మిషను ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. భుజాలు పడిపోయేదాకా తాడు లాగారు. పెట్రోలులో కలపాల్సిన ఇంజను ఆయిల్, అదే టూటీ ఆయిల్, కలిపావా అని అడిగితే తమ్ముడు ఒకసారి కలిపానంటాడు, ఒకసారి గుర్తులేదంటాడు. టౌనులో మెకానిక్ మిషను విప్పకుండానే “పిస్టన్ పోయింది, అయిదు వేలు అవుతుంది” అన్నాడు. అమ్మగారేమో “అల్లుడుగారికి ఏమీ చెప్పకు, తుడిచి ఇచ్చెయ్యి” అంటున్నారు. భార్య అసలు ఆ మిషను ఇంట్లోంచి పంపెయ్యమంటున్నారు. ఈ లోపల కామందు తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి “చింతచెట్టు ఉమ్మడిది, నన్నడక్కుండా ఎలా ముట్టుకుంటావ్” అన్నాడట. “ఉచితం అనుకుంటే ఇంత టెన్షన్ అయింది. ఎటు నుంచి మొదలుపెట్టాలో తోచడం లేదు” అని ముగించారు.

జవాబు:

మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్న భయం బావగారి మిషను పాడుచేశామేమోనన్నది. ముందు దాని సంగతి చూద్దాం. మీరు రాసిన వివరాల్లోనే అందుకు సమాధానం చాలావరకు ఉంది.

ఆయిల్ కలపని పెట్రోలుతో పిస్టన్ పోవాలంటే ఇంజను నడవాలి. ఈ మిషన్లకి విడిగా ఇంజను ఆయిల్ ఉండదు. పెట్రోలులో కలిసి వచ్చే టూటీ ఆయిలే లోపలి భాగాలకి జిడ్డు. అది లేకుండా నడిస్తే వేడెక్కి, పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. మీ తమ్ముడు పెట్రోలు పోశాక మిషను ఒక్కసారి కూడా అంటుకోలేదని మీరే రాశారు. అంటుకోని ఇంజను కాలిపోదు. కాబట్టి మీ తమ్ముడు ఆయిల్ కలపకపోయినా, ఆ కారణంగా పిస్టన్ పోయే అవకాశం లేదు. తాడు లాగినప్పుడు ఎప్పటిలాగే గట్టిగా ఉంది, ప్లగ్ తీస్తే తడిగా పెట్రోలు వాసన కొట్టింది అని కూడా రాశారు. తాడు గట్టిగా ఉందంటే లోపల కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, ఉంది. పిస్టన్ పట్టేసి ఉంటే తాడు అసలు రాదు, బాగా అరిగిపోయి ఉంటే చేతికి బరువే తెలియకుండా వచ్చేస్తుంది. మెకానిక్ విప్పి చూపించకుండా చెప్పిన మాట మీద అయిదు వేలు పెట్టకండి. సైలెన్సర్ విప్పితే ఆ రంధ్రంలోంచి పిస్టన్ పక్క భాగం కనపడుతుంది. దాని మీద నిలువుగా గీతలు ఉన్నాయో లేదో మీరే చూడొచ్చు. నున్నగా ఉంటే ఆ ఖర్చు మాట మర్చిపోండి.

మరి ఎందుకు స్టార్ట్ కావడం లేదు? ప్లగ్ తడిగా ఉంది కాబట్టి పెట్రోలు లోపలికి చేరుతోంది. నాకు రెండు అనుమానాలున్నాయి. రెండూ కలిసి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఒకటి, చోక్ (చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందించే మీట) లాగి ఉంచి అదేపనిగా తాడు లాగడం వల్ల పెట్రోలు ఎక్కువైపోయి ప్లగ్ మునిగిపోయింది. చల్లగా ఉన్న మిషనుకి చోక్ వేసి లాగితే మొదట ‘టప్’మని ఒక్క చిన్న చప్పుడు వచ్చి ఆగిపోతుంది. ఆ చప్పుడు రాగానే చోక్ తగ్గించి లాగాలి. కొత్తవాళ్ళు ఆ చప్పుడు గమనించకుండా ఇంకా లాగుతారు, ఇక ఎంత లాగితే అంత మునుగుతుంది. రెండోది, సీసాలో ఉన్న పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పట్టేస్తుంది. తుఫాను వానల్లో మూత సరిగా లేని సీసాలో ఉంటే అడుగున నీళ్ళతో కలిసిన పొర విడిగా దిగిపోతుంది. దానితో ఏ మిషనూ అంటుకోదు.

ఇది తేల్చుకోవడం తేలిక. ట్యాంకులో ఉన్నదంతా శుభ్రమైన గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా పెట్టండి. వెలుతురుకి ఎత్తి చూస్తే, అడుగున వేరే పొర ఉంటే కళ్ళకే కనపడుతుంది. పైనున్న పెట్రోలులోంచి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి ఆరనివ్వండి. ఉత్త పెట్రోలైతే మచ్చ లేకుండా ఎగిరిపోతుంది. ఆయిల్ కలిసి ఉంటే పకోడీ పొట్లం కాగితంలా జిడ్డు మరక మిగులుతుంది. మీ తమ్ముడి జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు, ఆ కాగితం చెబుతుంది. ఇదంతా పొయ్యికీ, బీడీకీ, దీపానికీ దూరంగా, ఆరుబయట చెయ్యండి.

ఆ పాత పెట్రోలు మళ్ళీ వాడొద్దు. ప్లగ్ తీసి తుడిచి ఎండలో పెట్టండి. చోక్ పూర్తిగా తీసేసి, స్విచ్ ఆపేసి, ప్లగ్ లేకుండా తాడు కొన్నిసార్లు లాగితే లోపల నిలిచిన పెట్రోలు రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. మొహం దగ్గర పెట్టకండి. తాజా పెట్రోలు లీటరుకి 25 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, అంటే నలభైకి ఒకటి లెక్కన, కలిపి పొయ్యండి. ఈ లెక్క కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి బావగారు ఏ పాళ్ళలో కలుపుతారో అడిగి అదే పాటించండి. గాలి ఫిల్టర్‌లో రంపప్పొట్టు పేరుకుంటుంది, అది తీసి దులపండి. ట్యాంకులో గొట్టం చివర ఉండే చిన్న ఫిల్టర్ కూడా చూడండి. అన్నీ బిగించాక స్విచ్ ఆన్‌లో ఉందో లేదో మరోసారి చూసుకోండి. ఎన్నో మిషన్లు ఆ స్విచ్ ఆఫ్‌లో ఉండే మెకానిక్ దగ్గరికి వెళ్తుంటాయి. ఇన్ని చేశాకా అంటుకోకపోతే, ప్లగ్ మారిస్తే అయ్యే ఖర్చు తక్కువే, మార్చి చూడండి. అప్పటికీ కాకపోతే ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ గానీ, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌లో డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొర గానీ అనుమానించాలి. పాత మిషను నెలల తరబడి మూలన పడి ఉంటే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. అది మీ తప్పు కాదు, వయసు వల్ల వచ్చింది.

కానీ వీటిలో ఏదీ మొదలుపెట్టక ముందు బావగారికి ఫోన్ చెయ్యండి. అమ్మగారి మాట నాకు అర్థమవుతోంది. అల్లుడుగారి ముందు కొడుకు తలదించుకోవడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు, కూతురు అత్తింట్లో మాట పడుతుందేమోనన్న భయం కూడా అందులో ఉంది. అయితే ఆ దారిలో వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. మీరు తుడిచి ఇచ్చేస్తారు. ఆయన ఏదో రోజు పనికి తీస్తారు, తాడు లాగుతారు, స్టార్ట్ కాదు. చెట్లు కోసే మనిషికి ట్యాంకు మూత తీసి వాసన చూస్తే చాలు, ఏం పోశారో తెలిసిపోతుంది. అప్పుడు ఆయన అడిగేది మిమ్మల్ని కాదు, మీ అక్కని అడుగుతారు. మీరు తప్పించుకున్నామనుకున్న మాట ఆవిడ మీద పడుతుంది. అమ్మగారికి ఇదొక్కటే చెప్పండి, ఆవిడే ఫోన్ చెయ్యమంటారు.

చెప్పడం ఎలాగంటారా, దాచకుండా, సాగదీయకుండా. “బావగారూ, మీరిచ్చిన పెట్రోలు అయిపోయాక ఇంట్లో సీసాలోది పోశాం. ఆయిల్ కలిపామో లేదో ఖాయంగా తెలీదు. పోశాక ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. ప్లగ్ తడిగా ఉంది. మీరు చెప్పేదాకా ఇంకేమీ విప్పను” అనండి. తమ్ముడి పేరు ముందుకు తోయకండి, మిషను తెచ్చింది మీరు. బహుశా ఆయన ఫోన్‌లోనే ప్లగ్ తీసి ఆరబెట్టమంటారు. లేదా పట్టుకురమ్మంటారు. కోప్పడితే కోప్పడనివ్వండి, ఆ కోపం పూటతో పోతుంది. విడి భాగాల ఖర్చు ఏదైనా తేలితే మీరు పెట్టుకుంటానని మీ అంతట మీరే చెప్పండి. ఆయన వద్దంటే అది ఆయన మర్యాద. చెప్పకుండా మీరే బాగుచేయించి ఇచ్చేయొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. అదొక దారే, కాకపోతే ఊరూపేరూ లేని మెకానిక్ దగ్గర కార్బురేటర్ తిప్పించి ఇచ్చాక మిషను తేడా చేస్తే, అప్పుడు చెప్పుకోవాల్సింది రెండింతలవుతుంది.

ఇక చింతచెట్టు. మీరు దీన్ని చిన్న విషయంలా చివర్లో రాశారు గానీ, నన్నడిగితే మిషను కంటే ఇదే పెద్దది. మిషను పోతే డబ్బుతో పోతుంది. అన్నదమ్ముల మధ్య మాటాపట్టింపు వచ్చి అది మీ మీదుగా నడిస్తే, ఆ ఊళ్ళో మీ వంటల మీద కూడా దాని నీడ పడుతుంది. పెళ్ళివంటకి పిలిచేది ఈ ఇళ్ళవాళ్ళే కదా. తమ్ముడుగారు వద్దన్నాక ఆ చెట్టు మీద గొడ్డలి వెయ్యకండి, కామందు “నేను చూసుకుంటాలే, నువ్వు కొట్టుకో” అన్నా సరే. చింతమాను విలువైన కర్ర. మొదలు భాగం దుకాణాల్లో మాంసం కొట్టే మొద్దులకీ వెళ్తుంది, అందుకే ఆయన అడిగి ఉండొచ్చు. తోటలోని మామిడి చెట్లకి పేచీ లేదు కాబట్టి ముందు అవి తీసుకోండి. చింత సంగతి కామందుకే వదిలేసి, “మీరిద్దరూ మాట్లాడుకుని చెబితే తీస్తాను, లేకపోతే వదిలేస్తాను” అనండి. మొద్దు వాళ్ళకి వదిలి కొమ్మలు మీరు తీసుకోవడానికి తమ్ముడుగారు ఒప్పుకునే అవకాశం ఉంది. ఆ మాట కామందు చేత అడిగించండి, మీరు నేరుగా అడగొద్దు.

పట్టా భూమిలో గాలికి పడిపోయిన చెట్టు ఆసామిదే, దాన్ని ఆయన మీకు ఇవ్వొచ్చు. అయినా చెట్లు నరకడానికి అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది కాబట్టి, కట్టెల ట్రాక్టరు రోడ్డెక్కితే ఎవరైనా ఆపి అడగొచ్చు. కొయ్యక ముందే చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నట్టు ఫోటోలు తీసుకోండి. సర్వే నంబరు వేసి “తుఫానుకి పడిన చెట్లు, నేనే తీసుకెళ్ళమన్నాను” అని కామందు చేత కాగితం రాయించుకుని, సచివాలయంలో వీఆర్వోకి ఒక మాట చెప్పి ఉంచండి. కాలువ గట్టు మీద పడిన నిద్రగన్నేరు కూడా తెచ్చుకుందామా అని తమ్ముడు అడుగుతున్నాడన్నారు. వద్దు. పడిపోయినా అది ప్రభుత్వానిదే. అటు మడ అడవుల వైపు అసలు వెళ్ళొద్దు. అడవిలో దొరికితే కట్టెలతో పాటు పనిముట్లు, బండి కూడా స్వాధీనం చేసుకునే అధికారం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టంలో ఉంది. బావగారి మిషను అలా పోతే ఏం చెబుతారు?

మీరు అడగని విషయం ఒకటి నేను చెప్పాలి. అక్టోబరు చివర పడిన చెట్టు కట్టె మాఘమాసానికి పొయ్యిలోకి రాదు. పచ్చి కర్ర బరువులో సగానికి దగ్గరగా నీళ్ళే ఉంటాయి. పెద్ద దుంగలు ఎండటానికి ఆరు నెలలు పైనే పడుతుంది, మన గోదావరి జిల్లాల తేమలో ఇంకా ఎక్కువ. పచ్చి మామిడి మొద్దులు గాడిపొయ్యిలో పెడితే పొగ తప్ప సెగ రాదు, అన్నం గుండిగ మరగదు, పప్పుకి పొగ వాసన పడుతుంది. పెళ్ళివారి ముందు అంతకంటే తలవంపు ఏముంటుంది? చేతిమందం ఉన్న కొమ్మలని ఇప్పుడే చీల్చి, నేలకి తగలకుండా రెండు వాసాల మీద పేర్చి, పక్కల గాలి ఆడేలా పైన మాత్రం రేకు కప్పితే మాఘానికి కొంత పనికొస్తాయి. మొద్దులు వేసవి ఎండలు తిన్నాకే. అందువల్ల మాఘం పెళ్ళిళ్ళకి ఎండు సరుగుడు గానీ తుమ్మ గానీ కొనాల్సిందే. లేదా అన్నానికి, పప్పుకి గ్యాస్ పెట్టి, కట్టెలు పులిహోరకీ కూరలకీ ఉంచుకోండి. గ్యాస్ పెడితే 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి, ఇంటి సిలిండర్ వంట కాంట్రాక్టుకి వాడటం నేరం. ఈ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి, కట్టెలు వచ్చాయి కదా అని పెళ్ళివారికి ధర తగ్గించి ఒప్పుకోకండి. కొబ్బరి మాను జోలికి పోవద్దు. దాని పీచు మిషను చైనుని మొద్దుబార్చేస్తుంది, మంట కూడా సరిగా ఇవ్వదు. మట్టలు, డొక్కలు, చిప్పలు మాత్రం వదలకండి. తోటలో గన్నేరు పడి ఉంటే దాని కొమ్మ ఒక్కటి కూడా కట్టెల్లో కలవనివ్వకండి. దాని పొగ కూడా విషమే.

ఇంత ఆలస్యం ఎలాగూ ఉందని తెలిశాక, ఆ మిషను మీరే పట్టాలా అన్నది మళ్ళీ ఆలోచించండి. మీ ఇంటావిడ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. వేళ్ళతో లేచిపోయిన చెట్టు మామూలు దుంగ కాదు. పైకి లేచిన వేళ్ళ గడ్డని మాను బరువే పట్టుకుని ఉంటుంది. మొదలు దగ్గర కోసేసరికి ఆ గడ్డ ఒక్కసారిగా వెనక్కి గుంటలోకి కూలబడుతుంది. ఆ గుంటలో పిల్లలు ఆడుకుంటూ ఉంటే ఆలోచించడానికే భయం. వంగి ఉన్న కొమ్మ కోస్తే చెర్నాకోలలా ఎగిరి తగులుతుంది. చైను తిరిగే పొడుగాటి పట్టీ, అంటే మిషను బార్, కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి తంతుంది. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, చెప్పులతో ఈ పని చెయ్యకూడదు. ఒంటరిగా అసలు చెయ్యకూడదు. కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంటే, కరెంటు లేదు కదా అని ముట్టుకోకుండా 1912కి ఫోన్ చెయ్యండి.

బావగారినే ఒక రోజు వచ్చి పెద్ద కోతలు కోసి పెట్టమనొచ్చు, ఆయన పని అదే. రోజు కూలి ఇవ్వండి, బంధువని ఊరికే చేయించుకోకండి. కొమ్మలు, పేళ్ళు మీరూ తమ్ముడూ గొడ్డలితో చూసుకుంటారు. దీనివల్ల గడువులోగా చేను ఖాళీ అవుతుంది, ఫోన్‌లో చెప్పిన మాట ఎదురుగా కూర్చుని తేల్చుకోవడానికి కూడా వీలవుతుంది. లేకపోతే ఊళ్ళో చెట్లు కొట్టేవాళ్ళకి సగం కట్టె ఒప్పుకుని ఇచ్చెయ్యండి. మీకు సగమే దక్కుతుంది, కానీ పెట్రోలు, మిషను, చెయ్యి తెగుతుందేమోనన్న దిగులు ఏదీ ఉండదు. కామందుకి మాత్రం ఈరోజే వెళ్ళి, మామిడి ఎప్పటికి తీయగలరో చెప్పండి. చెప్పకుండా రోజులు గడిపితే ఆయన వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, ఆ తప్పు ఆయనది కాదు.

సొంతంగా ఒక మిషను కొనుక్కోనా అని కూడా అడిగారు. ఈ తుఫాను కట్టెల కోసమైతే వద్దు. ఎప్పుడో ఒకసారి వాడే మిషను ఇప్పుడు మీ చేతిలో ఉన్నదానిలాగే మూలన పడి పాడవుతుంది. ఏడాది పొడుగునా మొద్దులు కొని మీరే కోయించుకునే ఉద్దేశం ఉంటే అప్పుడు కొనండి. షాపుకి బావగారిని వెంట తీసుకెళ్ళండి. ప్లగ్, చైను, డయాఫ్రం అమలాపురంలోనో రాజమండ్రిలోనో దొరికే కంపెనీదే తీసుకోండి. వాడకం లేని నెలల్లో ట్యాంకులో పెట్రోలు ఉంచకండి.